టెక్ సందేహాలు: చుక్కల రాత్రికి ఏ వెదర్ యాప్?

వానలు వెనుదిరిగాయి. ఆన్‌లైన్లో కొని అటకెక్కించిన టెలిస్కోపులు డాబా మీదికి వచ్చే కాలమిది. ఈసారి మీరు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆకాశం గురించే కాబట్టి, ప్రింటర్లూ పాస్‌వర్డ్‌లూ వచ్చే వారానికి వాయిదా.

ప్రశ్న: నా దగ్గర ఆరంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉంది. శనివారం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటుందని ఫోన్లోని వెదర్ యాప్ చెబితే, స్నేహితులతో కలిసి అనంతగిరి దాకా వెళ్లాం. చినుకు లేదు, నల్లమబ్బూ లేదు. కానీ ఆకాశమంతా నీళ్లపాలలా ఉంది. ఆండ్రోమెడా గెలాక్సీ జాడే లేదు. ఇంతకీ ఏ యాప్‌ను నమ్మాలి? (ఉప్పల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ యాప్ అబద్ధం చెప్పలేదు. గొడుగు పట్టుకెళ్లాలా, బట్టలు ఆరేయొచ్చా అని అడిగేవాళ్ల కోసం తయారైన యాప్ అది. తెర మీద సూర్యుడి బొమ్మ వేయాలా, మబ్బు బొమ్మ వేయాలా అని తేల్చుకునేటప్పుడు చాలా యాప్‌లు వానకూ కింది మబ్బుకూ ఇచ్చే విలువ పైన పది కిలోమీటర్ల ఎత్తున పరుచుకునే పలుచని మంచు మబ్బుకు ఇవ్వవు. ఆ మబ్బే సిర్రస్. పగలు దాని గుండా ఎండ మామూలుగానే దిగుతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. రాత్రయితే అది ఊరి దీపాల వెలుగును కిందికి తిప్పికొడుతుంది, పైనుంచి వచ్చే మసక వెలుగును మింగేస్తుంది. ముందుగా మాయమయ్యేవి ఆండ్రోమెడా లాంటివే. శని, గురుడు మాత్రం అప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి.

కాబట్టి యాప్ పేరు తర్వాత. అది మబ్బును అంతస్తులుగా విడదీసి చూపిస్తోందా అన్నది ముందు చూడండి. సుమారు రెండు కిలోమీటర్ల లోపు ఉండేది కింది మబ్బు, ఆపైన మధ్య మబ్బు, ఆరేడు కిలోమీటర్లు దాటితే పై మబ్బు. బ్రిటన్‌లో టెలిస్కోపులు అమ్మే ఒక దుకాణం నడిపే ‘క్లియర్ అవుట్‌సైడ్’ ఈ మూడింటినీ గంట గంటకూ వేరువేరు వరసల్లో చూపిస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు. ‘విండీ’లో మబ్బుల పొరల కింద హై క్లౌడ్స్ అని విడిగా ఉంటుంది. స్విట్జర్లాండ్ వాళ్ల ‘మీటియోబ్లూ’లో ఆస్ట్రానమీ సీయింగ్ అనే పేజీ ఉంది, అందులోనూ మూడు పొరలూ కనిపిస్తాయి. విదేశీ ఆకాశప్రియులు పొగిడే ‘క్లియర్ స్కై చార్ట్’ కోసం మాత్రం వెతక్కండి. అది ఉత్తర అమెరికాకే పరిమితం.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పై మబ్బు 100 శాతం అంటే ఆకాశం మూసుకుపోయిందని కాదు. మబ్బు ఎంత మేర పరుచుకుందో చెప్పే అంకె అది, ఎంత మందంగా ఉందో చెప్పదు. కింది మబ్బు 40 శాతం, పై మబ్బు సున్నా ఉంటే సందుల్లోంచి చక్కగా చూసుకోవచ్చు. కింద సున్నా, పైన 90 ఉంటే చంద్రుణ్ని చూడొచ్చు, గ్రహాలను చూడొచ్చు, నెబ్యులా ఫోటోల మీద మాత్రం ఆశ వదులుకోవాలి.

మన దగ్గర పై మబ్బు ఎప్పుడు వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో అల్పపీడనమో తుపానో ఉందంటే, వాన కోస్తాలో పడినా దాని పైమబ్బు వందల కిలోమీటర్లు విస్తరించి తెలంగాణ మీదికి వచ్చేస్తుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వారంలో హైదరాబాద్‌కు వాన సూచన లేదని సంబరపడి బ్యాగు సర్దుకోవద్దు. ఏప్రిల్, మే నెలలది ఇంకో తంతు. సాయంత్రం ఉరుములు, ఈదురుగాలి, ఓ జల్లు, ఆ తర్వాత అంతా సద్దుమణిగినట్టే ఉంటుంది. కానీ ఉరుముల మబ్బు నెత్తిన పరుచుకున్న మంచు తెర చాలాసార్లు అర్ధరాత్రి దాకా పోదు. ఆ నెలల్లో గుట్ట మీద ఇనుప ట్రైపాడ్ నిలబెట్టే వాళ్లు పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన ‘దామిని’ యాప్ తప్పనిసరిగా పెట్టుకోండి. దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది.

బయల్దేరాలా వద్దా అన్నంతవరకే ఫోర్‌కాస్ట్. కారు తాళం తీసే ముందు చూడాల్సింది శాటిలైట్ చిత్రం. భారత వాతావరణ శాఖ వెబ్‌సైట్లోని శాటిలైట్ విభాగంలో ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరిలో ఎగిరిన ఇన్సాట్-3డీఎస్ తీసే చిత్రాలు అరగంటకొకటి చొప్పున ఉచితంగా దొరుకుతాయి. పొద్దు వాలాక విజిబుల్ చిత్రం నల్లగా అయిపోతుంది, దాన్ని వదిలేసి ఇన్‌ఫ్రారెడ్ తెరవండి. అది వేడిని కొలిచే చిత్రం. ఎంత తెల్లగా ఉంటే అంత చల్లన, అంటే అంత ఎత్తున ఉన్న మబ్బు. కింది మబ్బు, పొగమంచు మాత్రం దాదాపు నేలంత వెచ్చగానే ఉంటాయి కాబట్టి ఇందులో దొరక్కుండా తప్పించుకుంటాయి. వాటి కోసం అదే విభాగంలో నైట్ మైక్రోఫిజిక్స్ అనే రంగుల చిత్రం ఉంది.

ఒక్క చిత్రంతో సరిపెట్టుకోకుండా యానిమేషన్ నడిపించండి. చలికాలంలో మనకు పైగాలి పడమర నుంచి, కిందిగాలి తూర్పు నుంచి వీస్తాయి. అందుకే పై మబ్బు కోసం షోలాపూర్, బీదర్ వైపు చూడాలి, కింది మబ్బు కోసం నల్గొండ, ఖమ్మం వైపు చూడాలి. ఏడు గంటలకు షోలాపూర్ మీద తెల్లని చార ఉంది, పైగాలి గంటకు వంద కిలోమీటర్లు ఉంది అనుకుందాం. పది గంటలకల్లా అది మన నెత్తిన ఉంటుంది. ఇది ఏ యాప్ కంటే బాగా పనిచేసే లెక్క, నాకు బాగా నచ్చింది కూడా ఇదే.

రాడార్ చిత్రం చూసి మబ్బుల్లేవని తేల్చుకునేవాళ్లు ఉన్నారు. వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ చినుకులను పట్టుకుంటుంది. పలుచని మబ్బు దాని కంటికి ఆనదు. ఇక మొబైల్ డేటా అందని చోట చంద్రుడే దిక్కు: చుట్టూ వరదగుడి కట్టిందంటే పైన మంచు మబ్బు ఉన్నట్టే.

ప్రశ్న: ఒకే రాత్రికి ఒక యాప్ పది శాతం మబ్బు అంటుంది, ఇంకోటి డెబ్బై అంటుంది. డబ్బు కట్టి ప్రీమియం తీసుకుంటే సరైనది తెలుస్తుందా? (నిజాంపేట)

జవాబు: ముందు మీ రెండు యాప్‌లు ఎవరి లెక్కను అరువు తెచ్చుకుంటున్నాయో చూడండి. ప్రపంచం మొత్తానికి వాతావరణం లెక్కగట్టే పెద్ద మోడళ్లు కొన్నే. యూరప్ దేశాల ఉమ్మడి కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్‌ది భూమిని సుమారు 9 కిలోమీటర్ల గళ్లుగా విడగొడుతుంది. అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్, జర్మనీ వాళ్ల ఐకాన్ గళ్లు 13 కిలోమీటర్ల దగ్గర ఉంటాయి. మన వాతావరణ శాఖ 2025 మేలో మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ది 6 కిలోమీటర్లు. దుకాణంలో దొరికే చాలా యాప్‌లు వీటిలో ఒకటీ రెండింటికి రంగులేసి చూపించేవే. జీఎఫ్‌ఎస్ మీద నడిచే యాప్‌లు మూడు పెట్టుకుని, మూడూ ఒకే మాట చెబుతున్నాయని మురిసిపోతే, ఒకే సాక్షిని మూడుసార్లు పిలిచినట్టే అవుతుంది.

ప్రీమియం కడితే అంతరం తగ్గి గంట గంటకూ అంకెలు రావచ్చు, ప్రకటనలు పోవచ్చు. వెనకున్న మోడల్ తెలివి మాత్రం పెరగదు. నా మాట వింటే ఆ డబ్బు పెట్రోలుకు దాచుకోండి. విండీలోనూ మీటియోబ్లూలోనూ వేరువేరు మోడళ్లను పక్కపక్కన పెట్టి చూసే వీలుంది. యూరప్, అమెరికా, జర్మనీ మూడూ పై మబ్బు లేదంటే ధైర్యంగా వెళ్లండి. తగువులాడుకుంటున్నాయంటే ఆ తగువే మీకు కావాల్సిన సమాచారం. ఆ రాత్రి ఆకాశం ఎలాగైనా మారొచ్చు, దగ్గర్లోని డాబా చాలు.

ఉదయం లేవగానే చూసి నిర్ణయించుకునే అలవాటు కూడా మానండి. తెల్లవారుజామున 5.30 నాటి పరిశీలనలతో మొదలయ్యే లెక్క పూర్తయి మనదాకా వచ్చేసరికి యూరప్ మోడల్‌కు దాదాపు మధ్యాహ్నం అవుతుంది. భోజనం అయ్యాక చూస్తే తాజా లెక్క దొరుకుతుంది.

ప్రశ్న: యాప్‌లో 12జెడ్, 18జెడ్ అని వస్తోంది. ఇవేం గంటలు? (నల్లకుంట)

జవాబు: గ్రీనిచ్ గంటలు. అయిదున్నర కలపండి. 12జెడ్ అంటే మన సాయంత్రం 5.30, 18జెడ్ అంటే రాత్రి 11.30. సెట్టింగుల్లో లోకల్ టైమ్ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

ప్రశ్న: మబ్బు లేదు, ఆకాశం నల్లగా ఉంది. అయినా మా డాబా మీంచి చూస్తే గురుగ్రహం అంచు ఒకచోట నిలవదు, అల్లాడుతూ ఉంటుంది. ఇది టెలిస్కోప్ లోపమా? దీనికీ ఫోర్‌కాస్ట్ ఉంటుందా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: లోపం గాలిది. దీన్ని సీయింగ్ అంటారు. మబ్బుతో సంబంధం లేదు. వేడి, చల్లని గాలిపొరలు కలిసి కదిలినప్పుడు వెలుగు వంగుతూ వస్తుంది. మీటియోబ్లూ పేజీలో సీయింగ్‌కు 1 నుంచి 5 దాకా మార్కులుంటాయి, 5 మంచిది. ‘సెవెన్ టైమర్’ అనే ఉచిత సైటులోనూ ఉంటాయి కానీ అక్కడ లెక్క తలకిందులు, 1 మంచిది, 8 చెడ్డది. రెండూ కలిపి చూసి కంగారు పడేవాళ్లు చాలామంది. మీటియోబ్లూలోనే జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తున జోరుగా వీచే గాలి, వేగం కూడా ఇస్తారు. అది సెకనుకు 35 మీటర్లు దాటితే గ్రహాల మీద ఎక్కువ పవర్ పెట్టి లాభం లేదు. చలికాలంలో ఉత్తరాది మీదుగా పోయే ఆ గాలి అప్పుడప్పుడూ దక్షిణానికి జారుతుంది.

అయితే మీ విషయంలో ముందు అనుమానించాల్సింది మీ స్లాబునే. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి పది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. పక్కింటి ఏసీ యూనిట్ మీదుగా చూస్తుంటే ఇక చెప్పక్కర్లేదు. దాన్ని ఏ మోడలూ లెక్కగట్టదు. టెలిస్కోప్‌ను అరగంట ముందే బయట పెట్టండి. గ్రహం బాగా పైకెక్కాక, వీలైతే తెల్లవారుజామున చూడండి.

ప్రశ్న: మబ్బులన్నీ సున్నా చూపిస్తున్న రాత్రి కూడా చుక్కలు మసకే. ఎందుకు? అన్నట్టు, ఊరి పేరు కొడితే యాప్ హైదరాబాద్ లెక్కే చూపిస్తోంది. (ఇబ్రహీంపట్నం)

జవాబు: రెండోదానికి ముందు: పేరు కొట్టకుండా మ్యాప్‌లో మీ చోటు మీద వేలు నొక్కి పట్టుకోండి, ఆ బిందువు లెక్క వస్తుంది. దాన్నే ఫేవరెట్‌గా పెట్టుకోండి. మీ పక్కనే ఉన్న రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్లు 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టింది బేగంపేట నిజామియా అబ్జర్వేటరీ దగ్గర చీకటి కరువయ్యాకే. ఇప్పుడు నగరం అక్కడికీ వచ్చేసింది.

మసకకు కారణం ధూళి, పొగ. చలికాలం గాలి కదలదు, నగరం పొగ కిందే ఉండిపోతుంది. వరి కోతలయ్యాక కొయ్యకాళ్లకు నిప్పు పెట్టే రోజుల్లో పల్లెల్లోనూ ఇంతే. దీపావళి ఏటా అమావాస్యనాడే, చంద్రుడు అడ్డు రాని రాత్రి, తీరా చూస్తే పైన అంతా టపాసుల పొగ. గాలిలో ఇలాంటి ధూళి, పొగ ఎంతుందో చెప్పే ఏరోసాల్ లెక్క, యూరప్ వాళ్ల కోపర్నికస్ సేవ ఇచ్చేది, విండీలో ఒక పొరగా ఉంటుంది. 0.2 దగ్గర ఉంటే మంచి రాత్రి. 0.6 దాటితే గ్రహాలతో సరిపెట్టుకోండి.

ప్రశ్న: రాత్రి పదకొండయ్యేసరికి లెన్సు మీద మంచు పట్టేస్తోంది. ముందే తెలుసుకోవచ్చా? (శామీర్‌పేట)

జవాబు: తేమ శాతం కాదు, డ్యూ పాయింట్ చూడండి, అంటే గాలిలోని తేమ నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. గాలి ఉష్ణోగ్రతకూ దానికీ తేడా రెండు మూడు డిగ్రీలకు తగ్గిందంటే లెన్సు తడుస్తుంది, చెరువు పక్కన ఇంకా ముందే. పవర్ బ్యాంకుతో నడిచే డ్యూ హీటర్ పట్టీ కొనుక్కోండి. లుంగీతోనో కర్చీఫుతోనో మాత్రం తుడవొద్దు.

ప్రశ్న: డిసెంబరులో జెమినిడ్ ఉల్కలు చూపిస్తానని మా అమ్మాయికి మాటిచ్చాను. వికారాబాద్ దగ్గర రిసార్ట్ ఇప్పుడే బుక్ చేయాలి. నలభై అయిదు రోజుల ఫోర్‌కాస్ట్ ఇచ్చే యాప్ ఒకటి ‘క్లియర్’ అంటోంది. నమ్మొచ్చా? (మణికొండ)

జవాబు: వద్దు. మబ్బు విషయంలో మూడు రోజులు దాటితే ఆశ, వారం దాటితే జాతకం. నలభై అయిదో రోజుకు అది చూపిస్తున్నది మహా అయితే డిసెంబరు సగటు. ఆ సగటు మాత్రం మనకు అనుకూలమే, నవంబరు నుంచి మార్చి మధ్య దాకా మన ఆకాశం ఏడాదిలోకెల్లా మంచిది. కచ్చితంగా ముందే తెలిసేది చంద్రుడి సంగతి ఒక్కటే, దానికి యాప్ కూడా అక్కర్లేదు. జెమినిడ్లు ఎక్కువగా రాలేది డిసెంబరు 13, 14 తేదీల్లో, వంటింటి క్యాలెండర్లో ఆ రోజులకు ఏ తిథి ఉందో చూడండి. అమావాస్య చుట్టుపక్కల అయితే సరేసరి. శుక్లపక్షంలో షష్ఠి లోపయినా చంద్రుడు అర్ధరాత్రికి ముందే దిగిపోతాడు, ఉల్కలు జోరందుకునేది ఆ తర్వాతే. రిసార్ట్ వాళ్లను రెండే అడగండి: రెండు రోజుల ముందు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కిస్తారా, రాత్రి పన్నెండు దాటాక లాన్‌లో ఫ్లడ్‌లైట్లు ఆర్పుతారా.