బిరడా కోసం వయొలిన్‌ని కోయకు

విజయనగరం

చిరంజీవి చిట్టికి తాతయ్య ఆశీస్సులు.

కూకట్‌పల్లిలో ఇంట్లోనే చిన్నపిల్లలకి వయొలిన్ క్లాసు పెడుతున్నావని, పావు సైజు, అర సైజు వాద్యాలు నువ్వే కొని వాళ్లకి అద్దెకిస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ సాయంత్రం వీధిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన ఊరి పిల్ల, మరో ఊళ్లో పిల్లల చేత కమాను పట్టిస్తుందంటే నాకు గర్వం కాదూ! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పాఠం గురించి దిగులు లేదు, నీ చేయి నాకు తెలుసు. దిగులంతా ఆ చిన్న వాద్యాల సామాను గురించి. పైగా అటక మీది అమ్మమ్మ ముప్పావు వయొలిన్‌కి, తీగలు బిగించే పాత బిరడాల బదులు లోపల పళ్లచక్రాలున్న గేర్ బిరడాలు వేయిస్తానన్నావట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

లేబుల్ మీద రాసిన సైజు చూసి సామాను కొనకు. అర సైజు అంటే ఫుల్ సైజులో సగం ఉండదు. మెడ వదిలేసి ఫుల్ సైజు ఒంటి పొడవు సుమారు 356 మిల్లీమీటర్లు, అర సైజుది 310 దగ్గర, పావుది 280 దగ్గర. అదీ ఒక్కో తయారీదారు దగ్గర ఒక్కోలా. ఒక వెర్నియర్ కాలిపర్ కొనుక్కో. తల దగ్గరి నట్ నుంచి తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జి దాకా తీగ పొడవు, బ్రిడ్జి పాదాల వెడల్పు, బిరడా మందం, ఈ మూడూ ప్రతి వాద్యానికీ నోటు పుస్తకంలో రాసుకో.

పిల్లల సైజు నిర్ణయించడానికి చెయ్యి చాపించి కొలవమంటారు. అది నిలబడి వాయించేవాళ్ల కొలత. మన పిల్లలు నేల మీద కూర్చుంటారు, వయొలిన్ తల కుడికాలి మడమ మీద ఆనాలి. వాద్యం మరీ చిన్నదైతే మడమని అందుకోవడానికి పిల్ల నడుం వంచేస్తుంది, ఆ వంపు తర్వాత సరిచేయలేం. అందుకని చేతినీ కొలువు, కూర్చోబెట్టీ చూడు. భుజం మీద ఆనించే షోల్డర్ రెస్టులకి డబ్బు పోయకు, మన కూర్చునే పద్ధతికి అవసరం లేదు.

కమాను, వాద్యం దాచే పెట్టె, రెండూ వాద్యం సైజువే కొను. కమానుకి రాసే రోజిన్ ఏదైనా ఫరవాలేదు.

తీగల దగ్గర మాత్రం మొహమాటపడకు. ఫుల్ సైజు తీగనే అర సైజుకి చుట్టేస్తే ఏం పోతుంది అంటారు దుకాణాల్లో. చాలా పోతుంది. పొడవు తగ్గాక అదే తీగని అదే శ్రుతికి కడితే బిగువు తగ్గిపోతుంది. అసలే మనం వెస్ట్రన్ వాళ్లకన్నా కింద శ్రుతి పెట్టుకుంటాం. తీగ వదులుగా ఊగుతుంటే పిల్ల గమకం పట్టేసరికి స్వరం జారుతుంది, చెవి చెడుతుంది. ఆ సైజు కోసమే చేసిన తీగలు తెప్పించు, శ్రుతి కూడా కాస్త పైకి పెట్టు. తీగ చివర పట్టుదారం చుట్టు ఉంటుంది చూడు, అది నట్‌కీ బ్రిడ్జికీ మధ్య వాయించే భాగంలోకి రాకూడదు.

తీగల కింది కొసలు పట్టి ఉంచే టెయిల్‌పీస్ కూడా అంతే. బ్రిడ్జి వెనక నుంచి టెయిల్‌పీస్ దాకా మిగిలే తీగ, వాయించే పొడవులో ఆరో వంతు ఉండాలి. ఫుల్ సైజుకి 328 మిల్లీమీటర్లయితే వెనక 55 దాకా, అర సైజుకి 285 అయితే 47, 48. శ్రుతి సన్నగా సవరించే ఫైన్ ట్యూనర్లు విడిగా బిగిస్తే చిన్న వాద్యంలో ఆ కొద్ది చోటునీ అవే తినేస్తాయి. నాలుగు ట్యూనర్లూ లోపలే ఉన్న టెయిల్‌పీస్ తీసుకో. విట్నర్ కంపెనీ వాళ్లవి చిన్న సైజుల్లో కూడా వస్తాయి.

ఇక బిరడాలు. ఇది నిదానంగా చదువు.

మీ అమ్మమ్మ, అంటే మా అక్క, ఆవిడవి చిన్న చేతులు. పెళ్లీడు వచ్చినా ఫుల్ సైజు మీద నాలుగో వేలు సాగేది కాదు. మా నాన్న ఎక్కడో వాకబు చేసి ఆ ముప్పావు వయొలిన్ తెచ్చారు. దాని మీద అక్క కళ్యాణి రాగం వాయిస్తుంటే పక్కింటివాళ్లు వంట ఆపుకుని వచ్చేవాళ్లు. కొన్నాళ్లకి ఒక బిరడా అరిగి జారడం మొదలైంది. రిపేరు చేసే ఆయన దగ్గర ఫుల్ సైజు బిరడాలే ఉన్నాయి. సన్నవి తెప్పించడానికి నెలలు పడుతుందన్నాడు. బిరడాని సన్నగా చెక్కడానికి ఓపిక లేక, రంధ్రాన్నే తొలిచే పనిముట్టు, రీమర్‌తో పెద్దది చేశాడు. ఒకటి చేసినవాడు వరసగా ఉంటుందని నాలుగూ చేశాడు.

మొదట్లో దివ్యంగా పనిచేసింది. అదే మోసం. ముప్పావు వాద్యంలో బిరడాల గూటి గోడ పలచన, రంధ్రం పెరిగిన కొద్దీ చుట్టూ మిగిలే కర్ర తగ్గుతుంది. వానాకాలం కర్ర ఉబ్బింది, ఎండాకాలం ముడుచుకుంది, బిరడా మళ్లీ జారింది. జారకుండా అక్క లోపలికి నొక్కి తిప్పేది. బిరడా ఏటవాలుగా ఉంటుంది కదా, నొక్కిన ప్రతిసారీ మేకులా చీలుస్తుంది. ఒక పొద్దున రెండో తీగ బిరడా దగ్గర గోడ నిలువునా పగిలింది. వడ్రంగి చేత ఫెవికాల్ పెట్టించారు, నిలవలేదు. ఆ తర్వాత అక్కకి అంత చిన్న వాద్యం దొరకలేదు, పెళ్లయి వెళ్లిపోయింది. అక్క వాయించడం మానేసిందని అందరూ సంసారాన్ని అన్నారు. నేను మాత్రం ఆ నాలుగు రంధ్రాలనే అంటాను.

ఇప్పుడు చెప్పు తల్లీ, గేర్ బిరడాలు వేయాలంటే ఏం చేస్తారు? మళ్లీ రీమర్ పెడతారు. గేర్ బిరడాలు మంచివే, పిల్లల వేళ్లకి ఎంతో సుఖం, కొత్త వాద్యాలకి వేయించు. కానీ ఆ వయొలిన్‌కి ముందు పగులు విప్పి, పాత ఫెవికాల్ గీకి, మళ్లీ విప్పదీయడానికి వీలయ్యే చర్మపు బంకతో అతకాలి. తర్వాత పాత రంధ్రాలని గట్టి కర్రతో పూడ్చి, సన్నగా కొత్తగా తొలవాలి. దాన్ని బుషింగ్ అంటారు. "ఎందుకండీ అంత శ్రమ, అరగంటలో వేసిస్తా" అన్నవాడి చేతిలో దాన్ని పెట్టావో, నేను హైదరాబాదు బస్సెక్కి వస్తాను. కోప్పడుతున్నాననుకోకు. ఏ సామానైనా అరగదీయి, చెక్కు, పారేసి ఇంకోటి కొను. వాద్యం కర్రని మాత్రం ముట్టుకోనివ్వకు.

ఇంకో భయం. తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి తీసేస్తే లోపల బిగువుకే నిలబడి ఉండే సన్నటి కర్ర, సౌండ్ పోస్ట్, పడిపోవచ్చు. ఒకటి తీసి, ఒకటి కట్టు. తల్లిదండ్రులకి ఇది మొదటి రోజే చెప్పు. పడిపోతే తీగలన్నీ వదులు చేసి నీ దగ్గరికే తెమ్మను.

పెద్దవాళ్లెవరో వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా నేర్చుకుంటామంటున్నారట. నేర్పు. బాలమురళీకృష్ణ గారు వాయించిన వాద్యమే కదా, మన కింది శ్రుతికి హాయిగా ఉంటుంది. వయోలాకి ఫుల్ సైజు అని ఒకటి లేదు, 15 అంగుళాల నుంచి 17 దాకా ఉంటాయి. తీగలు ఆ పొడవుని బట్టే అడగాలి. చిన్న చేతులున్న ఆడవాళ్లు ఎవరైనా వస్తే ఫుల్ సైజు వయొలిన్ పట్టుకుని వేళ్లు లాగించుకోమని చెప్పకు. ఫుల్ సైజు కన్నా కాస్త చిన్నది, సెవెన్ ఎయిత్ అని ఒక సైజు ఉంది. అక్కకి అప్పట్లో ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు.

అమ్మమ్మ వయొలిన్ బిరడాల గూడు రెండు వైపులా ఫోటో తీసి, గోడ మందం కొలిచి వాట్సాప్‌లో పంపు. బుషింగ్ తెలిసిన మనిషి మద్రాసులో ఒకాయన ఉన్నారు, నేను మాట్లాడతాను. ఖర్చు నాది. అప్పటిదాకా గేర్ బిరడాలు ఆర్డర్ పెట్టకు.

నీ తాతయ్య