వికెడ్ అంటే ఎప్పుడూ దుర్మార్గమేనా?

పర్లాకిమిడి నుంచి ఒక తమ్ముడు అడిగాడు, వికెడ్ అంటే దుర్మార్గం కదా, బోస్టన్‌లో ఉన్న మా అన్నయ్య 'వికెడ్ కోల్డ్' అంటాడేంటి అని. అసలు అర్థం దుర్మార్గమే తమ్ముడూ, కాకపోతే అక్కడివాళ్లు దాన్ని 'చాలా' అనే అర్థంలో వాడేస్తారు, అంటే విపరీతమైన చలి అన్నమాట. మరదలు బావని ఆటపట్టిస్తూ నవ్వే కొంటె నవ్వు వికెడ్ స్మైల్, అందులో చెడు ఏమీ లేదు. బ్రిటన్ కుర్రాళ్లు వట్టి 'వికెడ్' అంటే అదిరిందని మెచ్చుకోవడం.

నాకు బాగా నచ్చేది వికెడ్ ప్రాబ్లెమ్. 1973లో రిట్టెల్, వెబర్ అనే ఇద్దరు ఆచార్యులు రాసిన వ్యాసంతో బాగా పాకిన మాట ఇది. ఒకవైపు సర్దితే ఇంకోవైపు బయటపడే చిక్కు, ఒడిశాకీ ఆంధ్రకీ మధ్య మన వంశధార నీళ్ల తగాదాలాగా. ఇందులో దుర్మార్గులు ఉండక్కర్లేదు, అందరి వాదనలోనూ న్యాయం ఉండొచ్చు.