నాన్న మీద కవిత రాయబోతే మాటలు ఎందుకు దొరకవు?

అమ్మ మీద కవిత దానంతటదే వచ్చేస్తుందని, నాన్న దగ్గరికి వచ్చేసరికి ‘నాన్న ఓ కొండ, ఓ చెట్టు’ అని ఆగిపోతున్నానని రాశారు. చిన్నప్పటి సంగతులు కవితలోకి ఎలా తేవాలని కూడా అడిగారు. మాది కొండపి పక్క పల్లె, పొగాకు రైతు ఇల్లు. నాకు అనుభవంలో తెలిసింది చెబుతాను.

మన పద్యాల్లో తండ్రి నేరుగా ప్రేమ ఒలకబోయడం తక్కువ. మధ్యలో ఇంకో మనిషో, ఇంకో పనో ఉంటుంది. సుమతీ శతకంలో ‘పుత్రోత్సాహము తండ్రికి’ పద్యమే చూడండి. మార్కులు తగ్గినప్పుడు తిట్టడానికి పనికొచ్చే పద్యంగా మిగిలిపోయింది పాపం. కానీ తండ్రి సంతోషం జనం నోటి మీదుగా రావాలని చెప్పింది ఆ పద్యమే.

మన నెల్లూరు తిక్కన విరాటపర్వం మొదట్లో తన తండ్రి కొమ్మన కలలో కనిపించాడని రాసుకున్నాడు. వచ్చిన తండ్రి చెప్పింది తన సొంత మాట కాదు, శివకేశవులు ఒక్కటైన హరిహరనాథుడి అనుగ్రహం సంగతి. కొడుక్కి భారతం రాసే పెద్ద పని మొదలయ్యేవేళ కబురు మోసుకొచ్చాడన్నమాట. పోతన ప్రహ్లాదుణ్ణి కూడా తలచుకోండి. తండ్రి తొడ మీద కూర్చోబెట్టుకుని ఏం చదివావని అడుగుతాడు. ‘చదివించిరి నను గురువులు’ అని మొదలుపెట్టిన పిల్లాడు ‘చదువులలో మర్మమెల్ల చదివితి తండ్రీ’ అని ముగిస్తాడు. తండ్రి ఒప్పుకోని మాటే చెబుతూ కూడా చివర ‘తండ్రీ’ అని పిలవడం మానడు. అక్కడే నాకు గొంతు పట్టేస్తుంది.

మా నాయన సంగతికొస్తే, బ్యారన్‌కి, అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గదికి, మంట పెట్టాక రాత్రిళ్లు అక్కడే పడక. నన్నూ తీసుకెళ్లేవాడు. పొయ్యిలో కట్టెలు ఎగదోయడం, తలుపుకున్న చిన్న అద్దంలోంచి టార్చి వేసి లోపలి థర్మామీటర్ చూడటం, మళ్లీ వచ్చి మంచం మీద కూర్చోవడం. మంట తగ్గితే ఒక తంటా, ఎక్కువైతే ఆకు నల్లబడి వేలంలో ధర పడిపోతుంది. బూడిదలో చిలగడదుంప కాల్చి, పొట్టు వలిచి, ఊది నా చేతిలో పెట్టేవాడు. ‘తిను’ అనేవాడు, అంతే. నేను పత్రికలో ఏదో రాశానని ఆయన టంగుటూరు వేలం కేంద్రంలో అందరికీ చెప్పాడట. ఆ మాట నాకు మా పక్క చేను ఆయన చెబితే తెలిసింది. నా మొహాన మాత్రం ‘పరీక్షలెప్పుడు?’ అనే అడిగాడు.

అందుకే ఆయన మీద నేను రాసిన కవితలో ‘నాయన ప్రేమ’ అన్న ముక్కే పెట్టలేదు. టార్చి వెలుగు, థర్మామీటర్, ఊదిన దుంప ఉన్నాయి. చదివినవాళ్లు ఇంకేం అడగలేదు.

మీరు కూడా పోలికలు పక్కన పెట్టండి. మీ నాన్నగారు చేసే పనిలో ఒకదాన్ని పట్టుకుని, చెయ్యి ఎలా కదులుతుందో మొదట వచనంలోనే రాసి చూడండి. ఛందస్సు, లయ తర్వాత చూసుకోవచ్చు. ఆయన మీ గురించి ఎవరితో ఏమన్నారో అమ్మనో, బాబాయినో, ఆయన స్నేహితుల్నో అడగండి. ఆయన్ని మాత్రం అడగొద్దు, మాట మార్చేస్తారు.