పల్లెల్లో వైద్యం అందరికీ అందాలంటే డాక్టర్లను అక్కడికి పంపడం ఒక్కటే దారా?

ప్రశ్న అడిగినవారు కింద ఇంకో మాట కూడా రాశారు: "కొత్తగా చదువు పూర్తయిన డాక్టర్లను తప్పనిసరిగా రెండేళ్ళు పల్లెలకు పంపితే సమస్య తీరుతుందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి." అనుభవం అన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మా అమ్మ ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త. ఆమె సంచి మోస్తూ, ఆమెను సైకిల్ వెనక ఎక్కించుకుని తొక్కుతూ పెరిగినవాణ్ణి. నన్నడిగితే పల్లె వైద్యంలో డాక్టరు సంగతి మూడోదో నాలుగోదో. మొదటిది బీరువా తాళం.

నవ్వకండి, చెబుతాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి మాట. వానాకాలం, రాత్రి ఎనిమిదిన్నర దాటింది, కరెంటు లేదు. రెండు వీధుల అవతల నుంచి ఒకామె తడుస్తూ వచ్చి, "అక్కా, బాబు డొక్కలెగరేస్తున్నాడు, ఒక్కసారి వచ్చి చూడవా" అంది. అమ్మ సంచి తీసుకుంది, నేను టార్చి తీసుకున్నాను. పిల్లాడికి తొమ్మిది నెలలు. రెండ్రోజుల నుంచి జలుబు, ఆ రోజు మధ్యాహ్నం నుంచి జ్వరం. వాళ్ళ నాయనమ్మ మంచం మీద కూర్చుని, "ఈ వానలో ఎక్కడికి తీసుకుపోతాం, తెల్లారనీ" అంటోంది.

అమ్మకి ఇచ్చిన టైమర్‌లో బ్యాటరీ అయిపోయి నెలయింది. అందుకని మా నాన్న వాచీ నా చేతిలో పెట్టింది. నా పని సెకన్ల ముల్లు చూసి "ఊఁ" అనడం, నిమిషం కాగానే మళ్ళీ "ఊఁ" అనడం. పిల్లాడి చొక్కా పైకి లేపి, టార్చి వెలుగు కళ్ళలో పడకుండా పక్కకి పట్టించి, పొట్ట లేచి పడటం లెక్కపెట్టింది. మొదటిసారి మధ్యలో వాడు ఏడ్చాడు, ఆ లెక్క వదిలేసింది. వాళ్ళమ్మ పాలు పట్టి ఊరుకోబెట్టింది. రెండోసారి యాభై ఏడు. మూడోసారి యాభై ఆరు.

ఈ లెక్క నాకు ఎక్కాలకన్నా బాగా వచ్చు. రెండు నెలల లోపు పసివాళ్ళకి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. ఊపిరి ఆ అంకెకి చేరినా, దాటినా న్యుమోనియా అనుకోవాల్సిందే. తర్వాత అమ్మ పక్కటెముకల కిందికి చూసింది. ఊపిరి తీసినప్పుడు అక్కడ లోపలికి గుంట పడితే ఇంక ఊళ్ళో ఉంచకూడదు, ఏ వాహనం దొరికితే ఆ వాహనంలో పెద్దాసుపత్రికి పంపాలి. గుంట పడటం లేదు. పాలు తాగుతున్నాడు, వాంతులు లేవు, పిలిస్తే చూస్తున్నాడు. అంటే నీళ్ళలో కరిగే అమాక్సిసిలిన్ బిళ్ళ, వయసును బట్టి ఐదు రోజులు ఇంట్లోనే వేయొచ్చు. అమ్మకి ఇచ్చిన ట్రైనింగ్‌లో సరిగ్గా ఇదే నేర్పారు.

సంచి తీసింది. బిళ్ళలు లేవు. ఖాళీ స్ట్రిప్పు ఒకటి ఉంది, లెక్క చూపించడానికి దాచినది. నెల ముందే మందులు కావాలని ఇండెంట్ రాసి పంపింది, పదిహేను రోజులయ్యాక మళ్ళీ రాసింది.

సబ్‌సెంటర్, అంటే నర్సమ్మ ఉండే చిన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, నాలుగు కిలోమీటర్లు. అక్కడ స్టాకు వచ్చిందని ఆ రోజు పొద్దునే ఎవరో అన్నారు. అమ్మని వెనక కూర్చోబెట్టుకుని తొక్కాను. తొక్కాను అన్నానే గానీ సగం దూరం బురదలో నెట్టడమే. వెళ్ళేసరికి నర్సమ్మ లేదు, మూడు రోజుల ట్రైనింగ్‌కి వెళ్ళింది. వాచ్‌మన్ దగ్గర తలుపు తాళం ఉంది గానీ మందుల బీరువా తాళం నర్సమ్మతోనే పోయింది. అద్దాల బీరువా అది. టార్చి వేస్తే రెండో అరలో కొత్త డబ్బాలు, సీలు కూడా తీయనివి, పేరు చదవగలిగేంత దగ్గరలో ఉన్నాయి. అమ్మ అద్దం మీద చెయ్యి పెట్టి అలా నిలబడిపోయింది.

నేను బయటికెళ్ళి రాయి తెచ్చాను. పదమూడేళ్ళవాడికి అంతకన్నా ఏం తోస్తుంది? అమ్మ రాయి లాక్కుని కిటికీలోంచి అవతల పారేసింది. తర్వాత వాచ్‌మన్ని అడిగింది, "బాబాయ్, నీ దగ్గర స్క్రూడ్రైవర్ ఉందా?" ఆయన ఒక్క క్షణం అమ్మ వైపు, ఒక్క క్షణం బీరువా వైపు చూసి, "అమ్మాయ్, నా ఉద్యోగం..." అని గొణుక్కుంటూనే సైకిల్ సామాను డబ్బా తెచ్చాడు. ఆ పాత బీరువాకి మడత బందులు బయటికే ఉన్నాయి. ఆరు స్క్రూలు. రెండు తుప్పు పట్టి తిరగనంటే దీపం నూనె చుక్కలు వేశాడు. తాళం తాళంలాగే ఉంది, తలుపు మాత్రం రెండో వైపు నుంచి ఊడొచ్చింది.

అమ్మ కావలసిన బిళ్ళలు మాత్రమే తీసుకుంది. రిజిస్టర్‌లో తేదీ, టైము, పిల్లాడి వయసు, ఊపిరి లెక్క, ఎన్ని బిళ్ళలు తీసిందీ రాసి సంతకం పెట్టింది. కింద సాక్షిగా వాచ్‌మన్ చేత వేలిముద్ర వేయించింది. నేను స్క్రూలు బిగించాను. పదకొండు దాటాక చెంచాలో నీళ్ళు పోసి మొదటి బిళ్ళ కరిగించారు. పిల్లాడు బతికాడు. మూడో రోజుకి లెక్క నలభైల్లోకి దిగింది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. ఆ రాత్రి ఆ సబ్‌సెంటర్‌లో పెద్ద చదువులు చదివిన డాక్టరు ఉన్నాడనుకుందాం. ఆయన చేసేదేమిటి? చొక్కా లేపి ఊపిరి లెక్కపెడతాడు, గుంట పడుతోందో లేదో చూస్తాడు, అదే బిళ్ళ రాస్తాడు. తర్వాత? ఆ బీరువా ముందే ఆయనా నిలబడతాడు.

కాన్పుల్లో తల్లులు ఎందుకు చనిపోతున్నారని ఆలోచించి 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు ఆలస్యాలని చెప్పారు. వెళ్దామా వద్దా అని తేల్చుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, చేరాక వైద్యం మొదలవడంలో ఆలస్యం. ఈ సంగతి నేను కాలేజీలో చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. "తెల్లారనీ" అన్న నాయనమ్మ, బురదలో సైకిల్, తాళం వేసిన బీరువా. మూడూ ఒకే రాత్రి చూశాను. మొదటిది అమ్మ పది నిమిషాల్లో తీర్చింది, ఎందుకంటే ఆ నాయనమ్మకి అమ్మ చిన్నప్పటి నుంచి తెలుసు. కొత్తగా వచ్చిన డాక్టరు మాటకి ఆమె మంచం దిగేది కాదని నేను రాసిస్తాను.

కామెంట్లలో ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. అడ్డం తిరిగిన కాన్పుకి, పగిలిన అపెండిక్స్‌కి తాళంచెవి పనికిరాదు, డాక్టరు కావాల్సిందే. కానీ పల్లెలో పిల్లలకొచ్చే విరేచనాలు, న్యుమోనియా, పెద్దవాళ్ళ బీపీ, షుగరు, టీబీ, వీటిలో ఎక్కువ భాగం రోజూ తలుపు తట్టి చూసే మనిషితో, తెగకుండా అందే మందుతో నడిచేవే. బలవంతంగా రెండేళ్ళు పంపితే వచ్చిన డాక్టరు క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటాడు. ఊళ్ళోవాళ్ళ పేర్లు నోటికొచ్చే వేళకి ట్రంకు సర్దుకుంటాడు. ఉండాలనుకుని ఉన్నవాళ్ళ సంగతి వేరు. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఒక బొగ్గుగనుల ఊళ్ళో దశాబ్దాల పాటు పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు ఊరందరికీ తనే వెతికి వెతికి బీపీ చూశాడు. వైద్యం ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే తక్కువ దొరుకుతుందని 1971లో రాసింది కూడా ఆయనే. అలాంటివాళ్ళని ఆర్డరు కాగితంతో తయారు చేయలేం.

చదువు తక్కువ ఆడవాళ్ళు వైద్యం ఏం చేస్తారని ముఖం చిట్లించేవాళ్ళని చాలామందిని చూశాను, మా బంధువుల్లోనే ఉన్నారు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మేబెల్ ఆరోలే అనే డాక్టరు దంపతులు 1970లో పని మొదలుపెట్టి, బడి ముఖం చూడని ఆడవాళ్ళకి కూడా నేర్పించారు. అదే రాష్ట్రంలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ ఇంకో అడుగు ముందుకేశారు. పెద్ద అంకెలు లెక్కపెట్టడం రానివాళ్ళ కోసం పూసలతో ఊపిరి లెక్కించే సాధనం చేసిచ్చారు. ఊరి ఆడవాళ్ళే ఇంటికెళ్ళి పురిటి బిడ్డలని చూసుకునే పద్ధతి పెడితే, పోల్చి చూసిన ఊళ్ళ లెక్క ప్రకారం మూడో ఏడాదికి నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ ఇళ్ళకి వెళ్ళి చూసింది మా అమ్మలాంటివాళ్ళే.

ఇంతకీ ఆ రాత్రి తర్వాత ఏమైందో చెప్పలేదు కదా. నెల తిరక్కుండా పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. అనుమతి లేకుండా ప్రభుత్వ బీరువా తెరిచినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఊపిరి లెక్కతో సహా అన్నీ రాసిన ఆ రిజిస్టర్ పేజీనే ఆమె మీద సాక్ష్యం! ఆ నెల ఆమెకి రావలసిన డబ్బు ఆపేశారు. జీతం కూడా కాదది, పనికింత అని ఇచ్చే ప్రోత్సాహకం. కాన్పుకి తోడెళ్తే ఇంత, టీకాకి తీసుకొస్తే ఇంత. రాత్రి వానలో పోయి న్యుమోనియా కనిపెడితే ఎంత అన్న గడి ఆ ఫారంలో లేనే లేదు. గడి లేని పని చేయడం మానేసిన కార్యకర్తలు నాకు తెలుసు, వాళ్ళని తప్పుపట్టను. కేవలం పనికింత అనే లెక్క మీద నడపొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) 2018లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. బ్రెజిల్‌లో ఇలాంటి కార్యకర్తలు డాక్టరు, నర్సులతో కలిసి ఒకే జట్టులో, నెల జీతం మీద పనిచేస్తారు. మన ఆశాలకి, అంటే అమ్మలాంటి ఊరి ఆరోగ్య కార్యకర్తలకి, 2022లో డబ్ల్యూహెచ్‌ఓ అవార్డిచ్చింది. సంతోషమే. అవార్డు వార్త వచ్చిన రోజు ఊళ్ళో అందరూ అమ్మకి ఫోన్లు చేశారు, ఆపిన డబ్బు గురించి మాత్రం ఎవరూ చేయలేదు.

ఇంకో రెండు కడుపుమంటలు ఉన్నాయి, చెప్పేస్తాను. ఒకటి, మెడికల్ క్యాంపులు. ఒక్కరోజు టెంటు వేసి, ఫ్లెక్సీ కట్టి, బీపీ ఉందని చెప్పి పది రోజుల మాత్రలిచ్చి వెళ్ళిపోతారు. పదకొండో రోజున ఆ ముసలాయన ఎవరి దగ్గరికి వెళ్ళాలి? రెండు, ఫోన్ యాప్‌లు. అమ్మ పగలంతా ఇళ్ళు తిరిగి, రాత్రి సిగ్నల్ కోసం మేడ మీద నిలబడి అవే వివరాలు రెండోసారి ఎక్కించేది. పుస్తకంలో ఒకసారి, ఫోన్‌లో ఒకసారి. సర్వర్ పనిచేయకపోతే ఇళ్ళకి వెళ్ళనట్టే లెక్క. వీడియోలో డాక్టరు కనిపించడం మంచిదే, కాదనను. కానీ ఆయన రాసిన మందు బీరువాలో ఉండాలి, ఆ బీరువా తెరుచుకోవాలి.

నర్సమ్మ మంచి మనిషి. ట్రైనింగ్ నుంచి వచ్చి సంగతి విని, ఎవరికీ చెప్పకుండా మారుతాళం చేయించి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ పని మానేసే వరకు అది సంచి అడుగున గుడ్డలో చుట్టి ఉండేది. ఏ రిజిస్టర్‌లోనూ లేని తాళం అది. నాకు తెలిసి మా చుట్టుపక్కల వైద్య సేవల విస్తరణ అంటూ ఏదైనా జరిగిందంటే ఆ రోజే జరిగింది.

కాబట్టి ప్రశ్న అడిగినవారు ప్రాజెక్టు కోసమో, పోటీ పరీక్ష కోసమో ఏదైనా సెంటర్‌కి వెళ్తే, డాక్టరు పోస్టు ఖాళీగా ఉందా అని తప్పకుండా అడగండి. దాంతోపాటు మందుల బీరువా తాళం ఎవరి దగ్గరుంది, వాళ్ళు సెలవు పెడితే ఎవరికిస్తారు అని కూడా అడగండి. జవాబు చెప్పేవాళ్ళ తడబాటులోనే మీకు చాలా తెలుస్తుంది.

పోస్టు చేసే ముందు అమ్మకి చదివి వినిపించాను. అన్నీ విని, "స్క్రూలు ఆరు కాదురా, ఎనిమిది. రెండు దొరక్క నువ్వు ఆరే బిగించావు" అంది.