లెక్కల పేపర్లో ‘ఎ’ ఎక్కడ, ‘ద’ ఎక్కడ?

గణితం థీసిస్ ఇంగ్లీషులో రాస్తున్నారు, గైడ్ గారు పేజీ పేజీకీ ‘ఎ’ (a) ఆర్టికల్‌ని ‘ద’ (the)గా, ‘ద’ని ‘ఎ’గా దిద్దుతున్నారు, గ్రామర్ పుస్తకం తిరగేసినా తేలడం లేదు. ఇదేగా మీ సమస్య? పరిశోధక విద్యార్థుల డ్రాఫ్టులు చదవడం నా పనిలో భాగం. నేను చూసినంతలో, ఈ తప్పులు చాలావరకు గ్రామర్‌వి కావండి, గణితానివే.

‘ద’ అని రాస్తే రెండు మాటలు చెప్పినట్టు: అలాంటిది ఉంది, ఒక్కటే ఉంది. తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ 1905లో ‘ద’ గురించి చేసిన విశ్లేషణలో ముఖ్యాంశం ఇదే. మాత్రికకు విలోమం ఉంటే ఒక్కటే ఉంటుంది, కాబట్టి ‘ద ఇన్వర్స్’. సదిశాంతరాళానికి (వెక్టర్ స్పేస్‌కి) బేసిస్‌లు ఎన్నో ఉండొచ్చు, కాబట్టి ‘ఎ బేసిస్’. ఐగెన్‌వెక్టర్‌ని రెండుతో గుణించినా ఐగెన్‌వెక్టరే, అందుకని అక్కడ ‘యాన్’ (అచ్చు శబ్దం ముందు ‘ఎ’ రూపం).

ఇది చిన్న విషయమేమీ కాదు. ఒక డ్రాఫ్టులో మొదటి లైనే ‘లెట్ వై బి ద సొల్యూషన్’ అని ఉంది. సాధన ఒక్కటేనని నిరూపించడమే ఆ అధ్యాయం ఉద్దేశం! నిరూపించాల్సినదాన్ని మూడక్షరాల ‘ద’లో ముందే ఒప్పేసుకున్నారు. వై′ = 3వై^(2/3), వై(0) = 0 తీసుకోండి. వై = 0 సాధనే, వై = ఎక్స్³ కూడా సాధనే. ఇక్కడ ‘ద సొల్యూషన్’ అంటే ఏ సాధన? ‘ఎ సొల్యూషన్’ అని మొదలుపెట్టి, ఏకత్వం రుజువయ్యాకే ‘ద’కి మారండి. గ.సా.భా. సంగతీ అంతే. పూర్ణాంకాల్లో ధనాత్మకమైనదే తీసుకుంటామని ఒప్పందం ఉంది కాబట్టి ‘ద’ చెల్లుతుంది. వేరే ఇంటెగ్రల్ డొమైన్‌లో, అసలు ఉంటే, యూనిట్‌తో (విలోమం ఉన్న మూలకంతో) గుణించినదీ గ.సా.భా.యే, కాబట్టి ‘ఎ’ రాయాలి.

ఐసోమార్ఫిజం వరకే ఒక్కటైన వాటి దగ్గర, అంటే వేరువేరైనా నిర్మాణం ఒకటే అయిన వాటి దగ్గర, పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. తొమ్మిది మూలకాల ఫీల్డ్‌ని అందరూ ‘ద ఫీల్డ్’ అనే అంటారు, ఎవరూ గొడవపడరు. ఆల్జీబ్రాయిక్ క్లోజర్ (ఫీల్డ్ బహుపదుల మూలాలన్నీ చేర్చిన ఫీల్డ్) దగ్గరికి వచ్చేసరికి కొందరు ‘యాన్’ అని పట్టుబడతారు. నేనూ వాళ్ల పక్షమే. ఏ రెండు క్లోజర్లైనా ఐసోమార్ఫిక్ అయినా, వాటి మధ్య ఐసోమార్ఫిజం సాధారణంగా ఒక్కటే ఉండదు. గాల్వా సిద్ధాంతమంతా ఆ స్వేచ్ఛ మీదే నడుస్తుంటే దాన్ని ‘ద’తో కప్పేయడం నాకు నచ్చదు. మీ గైడ్‌కి నచ్చితే మాత్రం వాదించకండి.

తికమక పెట్టేది ఇంకొకటుంది. ‘యునీక్’ అనగానే చెయ్యి ‘ద’ వైపు పోతుంది. కానీ ‘దేర్ ఎగ్జిస్ట్స్ ఎ యునీక్ ఎక్స్’ అనే రాయాలి, ఎందుకంటే ఆ ఎక్స్‌ని పాఠకుడికి అప్పుడే పరిచయం చేస్తున్నారు. తర్వాతి వాక్యం నుంచి అది ‘ద’.

బహువచనంలోనూ జాగ్రత్త. ‘ద రూట్స్ ఆఫ్ పి’ అంటే పి మూలాలన్నీ. కొన్నే అయితే ‘సమ్ రూట్స్’ అని స్పష్టంగా రాయండి.

ఏమీ పెట్టకూడని చోట్లు అలవాటు మీద వస్తాయి: ‘బై థీరమ్ 3’, ‘బై ఇండక్షన్’, ‘ఎ గ్రూప్ ఆఫ్ ఆర్డర్ 8’. అయితే ‘బై ద ఇండక్షన్ హైపాథసిస్’లో ‘ద’ ఉండాల్సిందే. మనిషి పేరుకి షష్ఠి (’s) ఉంటే ‘రోల్స్ థీరమ్’ చాలు, షష్ఠి లేకపోతే ‘ద కోషీ–ష్వార్ట్జ్ ఇనీక్వాలిటీ’.

‘ఎ’నా ‘యాన్’నా అన్నది మాత్రం స్పెల్లింగ్ చూసి కాదు, పైకి చదివి తేల్చుకోండి. ‘యాన్ ఎన్-డైమెన్షనల్ స్పేస్’, ‘యాన్ ఎల్‌యూ డీకంపోజిషన్’, కానీ ‘ఎ యూఎఫ్‌డీ’ (యునీక్ ఫ్యాక్టరైజేషన్ డొమైన్). ‘ఎ యూక్లిడియన్ డొమైన్’ సరే, ఇంగ్లీషులో అవే రెండక్షరాలతో (Eu) మొదలైనా ఆయిలర్‌కి ‘యాన్ ఆయిలర్ సర్క్యూట్’ అనాలి. ఆ పేరుని యూలర్ అని చదివేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.