పొయ్యి వెనక గోడకు 68 వేలా?

ప్రశ్న: మాది హన్మకొండ. పన్నెండేళ్ల కింద కట్టుకున్న ఇల్లు. వంటగది గట్టు వెనక గోడకు తెల్ల టైల్స్ వేయించాం, సందులన్నీ పసుపెక్కిపోయాయి. మా ఆయన క్వార్ట్జ్ పలకలు వేయిద్దామంటున్నారు. షాపులో 68 వేలు చెప్పారు, వడ్డీ లేకుండా 12 నెలల కంతులట. మామూలు టైల్స్ అయితే అడుగుకు 60 రూపాయలు. పాతవి పగలగొట్టి, కొత్తవి వేసి, మట్టి ఎత్తిపోయడానికి మేస్త్రీ 9 వేలు అడిగాడు. పాప ఇంటర్ ఫీజుకని కడుతున్న ఆర్‌డీలో 60 వేలున్నాయి. అది తీయాలా, కంతులకు పోవాలా? ఏ రంగు బాగుంటుంది? గట్టు నల్ల గ్రానైట్, ఎల్ ఆకారంలో 16 అడుగులు. కిటికీ ఒక్కటే.

జవాబు: అమ్మా, ఆర్‌డీ ముట్టుకోకండి. జూన్‌లో కాలేజీ వాళ్లు మీ గోడ చూసి ఫీజు తగ్గించరు. కంతులకూ పోకండి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. నగదు ఇస్తే షాపువాడు తగ్గించే డబ్బే అక్కడ వడ్డీగా మారుతుంది. దాని మీద ప్రాసెసింగ్ ఫీజు వేరే, క్రెడిట్ కార్డు మీద కంతులైతే ఆ వడ్డీకి జీఎస్టీ కూడా. నమ్మకం లేకపోతే "మొత్తం ఇప్పుడే కడితే ఎంతకిస్తారు?" అని ఒక్క మాట అడిగి చూడండి. 68 వేలలో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో కూడా అడగండి. కలవకపోతే అది 80,240 అవుతుంది.

ఇప్పుడు గోడ లెక్క. 16 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు అనుకుంటే 32 చదరపు అడుగులు. కోతలకు పది శాతం కలిపితే 35. 12 బై 18 అంగుళాల టైలు ఒక్కోటి అడుగున్నర, డబ్బాకు ఆరు వస్తే తొమ్మిది అడుగులు. నాలుగు డబ్బాలు సరిపోతాయి, ఐదోది దాచుకోవడానికి. రేపు గొట్టం కారి రెండు టైల్స్ పగలగొట్టాల్సి వస్తే అదే షేడు మళ్లీ దొరకదు. కొనేటప్పుడు ఐదు డబ్బాల మీదా బ్యాచ్ నంబరు ఒక్కటే ఉందో లేదో చూసుకోండి. ఐదు డబ్బాలకు 2,700, మేస్త్రీకి 9 వేలు, సందుల్లో సిమెంటుకు బదులు నింపే ఎపాక్సీ అనే రెజిన్ ముద్దకు రెండు వేలు పక్కన పెట్టినా మొత్తం 14 వేల లోపే.

ఈ లెక్కలో టైలు వాటా ఎంత తక్కువో చూశారా? కూలీ 60 రూపాయల టైలుకూ అంతే, 90 రూపాయల టైలుకూ అంతే. 90 రూపాయలది తీసుకున్నా మీకు పెరిగేది 1,350. కాబట్టి టైలు దగ్గర పిసినారితనం వద్దు. అంతకంటే ముఖ్యం సందులు. మీ ఇంట్లో చెడిపోయింది టైలు కాదు, సందుల్లో నింపిన సిమెంటు. అది నూనెనూ పసుపునూ పీల్చుకుంటుంది, ఎపాక్సీ పీల్చుకోదు. మేస్త్రీలు తెల్ల సిమెంటుతో కానిచ్చేస్తామంటారు, ఎపాక్సీ త్వరగా గట్టిపడి వాళ్ల చేతికి పని పెడుతుంది కాబట్టి. వినకండి.

క్వార్ట్జ్ అందంగానే ఉంటుంది. కానీ అది రాతి పొడిని రెజిన్ అనే జిగురుతో అతికించిన పలక. సంక్రాంతికి గంటల తరబడి సకినాలు కాల్చే పొయ్యి వెనక, మంటకు దగ్గరగా ఉంటే రంగు మారొచ్చు. మీ ఆయనకు రాయి మీదే మనసుంటే పొయ్యి వెనక మూడడుగుల వెడల్పు మాత్రం గ్రానైట్ వేయించండి. ఆరు చదరపు అడుగులే కదా, కరీంనగర్ గ్రానైట్ మనకు పక్కనే, పెద్ద పలకల్లో మిగిలిన కట్ పీసులు అడిగితే చవకగా దొరుకుతాయి. ఇల్లు అమ్మినప్పుడు విలువ వస్తుందంటారేమో. మన దగ్గర కొనేవాళ్లు గజాలు లెక్కపెడతారు, వంటగది గోడ కాదు.

గాజు కూడా చూపిస్తారు. నేనూ మోజుపడి వేయించాను. ఏడాది తర్వాత మిక్సీకి ఇంకో ప్లగ్గు కావాల్సి వచ్చింది. టఫెన్డ్ గాజుకు తర్వాత రంధ్రం పెడితే పగిలిపోతుంది. ఒక్క ప్లగ్గు కోసం పలక మొత్తం కొత్తది కొన్నాను. మీరు ఏది వేయించినా ముందు స్విచ్‌బోర్డులు ఖాయం చేసుకోండి.

ఇక రంగు. గట్టు నల్లగా ఉండి కిటికీ ఒక్కటే అన్నారు కాబట్టి ముదురు రంగు వేస్తే పట్టపగలు లైటు వేసుకోవాలి. మళ్లీ తెలుపంటే పోపు చిట్లిన ప్రతి చుక్కా కనిపిస్తుంది. నల్లది మీద నూనె మెరుపూ, బోరు నీళ్ల తెల్ల మచ్చలూ తేలతాయి. లేత గంధం రంగు తీసుకోండి, సందులకు దానికంటే ఒక షేడు ముదురు. నిగనిగలాడేదే మేలు. రాయిలా గరుకుగా ఉండే డిజైన్లలో జిడ్డు కూర్చుంటే పీచు అరిగిపోవాల్సిందే.

డబ్బాలు కొనే ముందు షాపులో ఒక్క టైలు అడిగి ఇంటికి తెచ్చుకోండి. పసుపూ కారమూ నూనెలో కలిపి పూసి రాత్రంతా వదిలేయండి. వరంగల్ చపాటా మిర్చి పొడి ఉంటే ఇంకా మంచిది, ఆ ఎరుపును మించిన పరీక్ష లేదు. పొద్దున సబ్బు నీళ్లకు వదలకపోతే తిరిగి ఇచ్చేయండి.