బ్రషైట్ అని రాసే ముందు

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

ఫొటోలు చూశాను. గుహలో గబ్బిలాల రెట్ట కింద తెల్లటి పొడి దొరికిందని, ప్రాజెక్టు రిపోర్టులో బ్రషైట్ (నీటి అణువులు కలిసిన కాల్షియం ఫాస్ఫేటు ఖనిజం) అని రాసెయ్యనా అని అడిగావు. తొందరపడకు. ఫొటో చూసి పేరు చెప్పేవాణ్ణి అసలే నమ్మకు, అది నేనైనా సరే.

నీ ఊహ అయితే బాగుంది. ఈ ఖనిజాన్ని మొదట 1865లో వర్ణించింది కూడా రెట్టల్లో దొరికిన దాన్నే. కరీబియన్ సముద్రంలోని ఏవ్స్ దీవి మీద పక్షుల రెట్టలో దొరికింది. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఖనిజశాస్త్రం చెప్పిన జార్జ్ జార్విస్ బ్రష్ పేరే దీనికి పెట్టారు. రెట్టలోంచి ఫాస్ఫేటు, సున్నపురాయిలోంచి కాల్షియం వచ్చి, ఆమ్లగుణం ఉన్న తడిలో కలిస్తే ఇది పుడుతుంది. ఆమ్లగుణం తగ్గితే నిలవదు, మెల్లగా అపటైట్ అనే ఇంకో కాల్షియం ఫాస్ఫేటు వైపు పోతుంది. అందుకే శుభ్రం చేద్దామని కుళాయి నీళ్లలో గంటలకొద్దీ నానబెట్టకు.

అసలు చిక్కు జిప్సంతో. బ్రషైట్ కాల్షియం ఫాస్ఫేటు, జిప్సం కాల్షియం సల్ఫేటు. అయినా రెండూ ఒకే పోతలో పోసినట్టుంటాయి. రెండిట్లోనూ రెండేసి నీటి అణువులు, స్ఫటికాల ఆకారం రెండిటిదీ మోనోక్లినిక్ అనే ఒకే తరగతి, రెండూ పలకలుగా చీలతాయి, చీలిన ముఖం ముత్యంలా మెరుస్తుంది. కాఠిన్యం జిప్సంకి 2, బ్రషైట్‌కి 2.5. గోరు కాఠిన్యం కూడా దాదాపు 2.5 కాబట్టి గీసి చూసి తేల్చలేవు, పైగా నీది పొడి. సాంద్రత రెండిటికీ 2.3 దగ్గరే. వర్గీకరణలో బ్రషైట్‌ని ఫాస్ఫేట్లలో పెట్టినా, నిర్మాణాన్ని బట్టి జిప్సం కుటుంబంలోనే చేర్చారంటే పోలిక ఎంతో చూడు.

వేడి చేసి నీరు ఎంత పోయిందో తూచి తేలుస్తానంటావేమో. అణుభారాలు వేసి చూడు: బ్రషైట్ 172.09, జిప్సం 172.17. రెండు నీటి అణువులూ పోతే రెండిట్లోనూ తగ్గేది 20.9 శాతమే! నాకైతే ఈ లెక్క చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. బ్రషైట్‌లో ఫాస్ఫేటుకి అంటుకుని ఇంకో హైడ్రోజన్ ఉంటుంది కదా, 400 డిగ్రీలు దాటేసరికి అది కూడా నీరై పోతుంది. మొత్తం తగ్గుదల 26 శాతానికి చేరుతుంది. జిప్సం 21 దగ్గరే ఆగిపోతుంది.

ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లోనూ (స్ఫటికం ఎక్స్‌రేలని ఏ కోణాల్లో చెదరగొడుతుందో చూసే పరీక్ష) ఇదే గొడవ. రాగి వాడే ఎక్స్‌రే గొట్టంతో తీస్తే 11.6, 11.7 డిగ్రీల దగ్గర రెండిటికీ పెద్ద శిఖరం వస్తుంది. చాలామంది అక్కడే పేరు రాసేసుకుంటారు. నువ్వు మిగతా శిఖరాలన్నీ సరిచూడు.

నా మటుకు నాకు బీఎస్సీలో చేసిన సాల్ట్ అనాలిసిసే ముందు. చిటికెడు పొడిని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, అమ్మోనియం మాలిబ్డేట్ పోసి గోరువెచ్చగా చెయ్యి. పసుపు అవక్షేపం వస్తే ఫాస్ఫేటు. ఇంకో చిటికెడు హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి బేరియం క్లోరైడ్ పొయ్యి. తెల్లగా వస్తే సల్ఫేటు. రెండూ వచ్చాయనుకో, టెన్షన్ పడకు. రెండు ఖనిజాలూ కలిసి ఉండొచ్చు, లేదా రెండిటినీ తనలోనే పెట్టుకున్న ఆర్డియలైట్ కావచ్చు. రుమేనియాలో ఆర్డియల్ ప్రాంతపు గుహలో దొరికింది కాబట్టి దానికా పేరు. మైక్రోస్కోపు ఉంటే వక్రీభవన గుణకం కూడా చూడు: జిప్సంకి 1.52 నుంచి 1.53, బ్రషైట్‌కి 1.54 నుంచి 1.55.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి పొడినే రాత్రంతా 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టాను. పొద్దున ఎక్స్‌రే తీస్తే మోనెటైట్ (నీటి అణువులు లేని బ్రషైట్ లాంటిది) అని వచ్చింది. కొత్త ఖనిజం దొరికిందని సంబరపడి ఇంటికి ఉత్తరం కూడా రాశాను. నీరు పోగొట్టింది నేనే. మీ అమ్మ ఇప్పటికీ ఆ మాటెత్తి ఏడిపిస్తుంది. అందుకే నీ పొడిని నీడలో, గది వేడిలోనే ఆరబెట్టు. నూరడం కూడా తక్కువగా, కొద్దికొద్దిగా.

నీ స్నేహితుడు కోళ్ల దాణాలో కలిపే డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) కూడా ఇదేగా అన్నాడట. నీటితో ఉన్న రకమైతే రసాయనం అదే. కానీ ఫ్యాక్టరీలో చేసినదాన్ని ఖనిజం అనరు, ప్రకృతిలో దానంతటదే పుట్టాలి. అందుకే పొడి ఎక్కడ, ఎంత లోతున, దేని మీద దొరికిందో నోట్‌బుక్‌లో రాసి ఉంచు. మళ్లీ ఆ గుహలోకి వెళ్తే మంచి మాస్కు పెట్టుకో. ఆ రెట్ట దుమ్ములో ఊపిరితిత్తుల్ని పట్టే శిలీంధ్రం ఉండొచ్చు.

ముందు ఎంత పొడి మిగిలిందో తూచి నాకు చెప్పు. ఒక గ్రాము కంటే తక్కువుంటే మొదట ఎక్స్‌రే తీయించి, అదే పొడిని జాగ్రత్తగా వెనక్కి తీసుకో. ఆమ్లాల పని ఆ తర్వాతే.

మీ మామయ్య